బీ అవర్ గెస్ట్ డిన్నర్ ఇక తలా 55 డాలర్లు: బుకింగ్ ఉంచాలా, తీసేయాలా?

నలుగురం | 2018 జులై

అందరికీ నమస్కారం. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌కి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఒకసారి చూడండి. అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో, 'బ్యూటీ అండ్ ది బీస్ట్' సినిమాలోని బీస్ట్ కోటలా కట్టిన బీ అవర్ గెస్ట్ రెస్టారెంట్‌లో డిన్నర్ పద్ధతి జులై 27 నుంచి మారిపోతోంది. ఇన్నాళ్లూ మెనూ చూసి కావాల్సింది చెప్పి, తిన్నదానికే డబ్బు కట్టేవాళ్లం. ఇకమీదట స్టార్టర్, మెయిన్ కోర్సు, డెజర్ట్ మూడూ కలిపి ఒకటే రేటు. పెద్దవాళ్లకు 55 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు 35. ట్యాక్స్, టిప్ వేరే. భోజనాలకు ముందే డబ్బు కట్టేసే డైనింగ్ ప్లాన్‌లో ఇదివరకు ఒక క్రెడిట్ (ఒక భోజనం లెక్క) పోయేది, ఇప్పుడు రెండు పోతాయి.

మేం ఆగస్టు చివర్లో వెళ్తున్నాం. డిన్నర్‌కి బుకింగ్ దొరికింది. పాపకి ఏడేళ్లు, బాబుకి పదేళ్లు. పాప ఆ కోట లోపలికి వెళ్తామని ఇప్పటినుంచే అందరికీ చెప్పేస్తోంది. ఉంచాలా, తీసేయాలా? వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లబోయేవాళ్లు ఏమనుకుంటున్నారో చెప్పండి.

లెక్కలపెట్టె

నలుగురం గారూ, ముందు ఒక విషయం. డిస్నీలో పదేళ్లు నిండితే పెద్దవాళ్ల రేటే. అంటే మీకు ముగ్గురు పెద్దలు, ఒక పాప.

మూడు యాభై అయిదులు 165, దానికి 35 కలిపితే 200. ట్యాక్స్ 6.5 శాతం, అంటే 13. టిప్ 18 శాతం వేసుకుంటే 36. మొత్తం 249 డాలర్లు. వైన్ తీసుకుంటే అదనం. ఈ ఏడాది మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక రోజు టికెట్ రద్దీని బట్టి 109, 119, 129 డాలర్లు. అంటే మీ నలుగురి రాత్రి భోజనం ఖర్చు రద్దీ లేని రోజున రెండు టికెట్ల కన్నా ఎక్కువే. పైగా ఈ రెస్టారెంట్ పార్కు లోపల ఉంది, టికెట్ కొనకుండా అక్కడికి వెళ్లలేరు.

వెళ్లొద్దని అనడం లేదు. 249 అని ముందే తెలిసి వెళ్లడం వేరు, బిల్లు వచ్చాక తెలుసుకోవడం వేరు.

కోటబురుజు

లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ డబ్బు తిండి ఒక్కదానికే అనుకుంటే ఈ రెస్టారెంట్ ఎవరికీ గిట్టదు.

అక్కడ మూడు గదులుంటాయి. పెద్ద హాలు బాల్‌రూమ్. పైన షాండిలియర్లు, చివర నిలువెత్తు కిటికీలు, వాటి అవతల రాత్రి దృశ్యంలో మంచు రాలుతున్నట్టు కనిపిస్తుంది. బయట ఫ్లోరిడా ఎండలో చెమటలు కక్కి లోపలికి అడుగుపెట్టి ఆ మంచు చూస్తే పిల్లలు నోరు తెరిచి నిలబడిపోతారు. రెండోది వెస్ట్ వింగ్. చీకటిగా ఉంటుంది, గాజు మూత కింద గులాబీ, గోడ మీద చిరిగిన చిత్రపటం. ఉరిమినప్పుడల్లా ఆ పటంలో ముఖం మారిపోతుంది. చిన్నపిల్లలు కొందరు భయపడతారు కూడా. మూడోది రోజ్ గ్యాలరీ, కాస్త ప్రశాంతంగా ఉంటుంది.

డిన్నర్‌కి వెళ్తే బీస్ట్‌తో ఫోటో దిగొచ్చు. లంచ్‌కి ఆ వీలు లేదు. మీ పాప గురించి చదివాక నేనైతే ఉంచమనే అంటాను.

రైడ్స్‌ముందు

డబ్బు సంగతి అలా ఉంచండి. టైమ్ మాటేంటి?

మూడు కోర్సులంటే గంటన్నర ఎక్కడికీ పోదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఎండ తగ్గుతుంది, చిన్నపిల్లలున్న కుటుంబాలు కొన్ని హోటళ్లకు బయల్దేరతాయి. తిరగడానికి అదే మంచి వేళ. ఆ తర్వాత బాణసంచా షోకి సిండ్రెల్లా కోట ముందు చోటు పట్టుకోవాలి. ఈ గంటన్నర కుర్చీలో కూర్చుంటే ఆ రోజు సగం పోయినట్టే. ఇదివరకు ఒక్క మెయిన్ కోర్సు చెప్పి, తిని, గబగబా బయటపడే వీలుండేది. ఇప్పుడు అదీ లేదు. డబ్బు కట్టాక డెజర్ట్ వదిలేసి ఎవరు లేస్తారు?

ఆకుకూర_అమ్మ

మా ఇంట్లో అందరం శాకాహారులం. నా బాధ ఎవరైనా అర్థం చేసుకుంటారనే రాస్తున్నాను.

55 డాలర్ల రేటులో బరువంతా ఫిలే మిన్యాన్ స్టీక్‌ది, లాబ్‌స్టర్ బిస్క్ అనే సూప్‌ది. వాటిని తినేవాళ్లు లెక్క వేసుకుంటే గిట్టుబాటు కావచ్చు. మేం సలాడ్, కూరగాయలతో చేసిన మెయిన్ కోర్సు తిని అదే 55 కట్టాలి. పాత మెనూలో శాకాహారం వంటకం స్టీక్ కన్నా చాలా చవక. ఆ తేడా మా జేబులో మిగిలేది. ఇప్పుడు ఆ తేడా పక్క టేబుల్ స్టీక్‌కి పోతుంది. రేటు పెరిగినందుకు కాదు నా కోపం. అందరికీ ఒకటే రేటు పెట్టినందుకు.

ఇంకో మాట. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ అని పేరు చూసి ఉల్లిపాయే కదా అని తీసుకోకండి. ఆ సూప్‌ని మామూలుగా గొడ్డుమాంసం ఎముకలు మరిగించిన రసంతోనే చేస్తారు. ముందే అడగండి. డెజర్ట్‌లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉందా అని కూడా అడగండి. డిస్నీలో ఇలాంటివి అడిగితే షెఫ్ స్వయంగా టేబుల్ దగ్గరకు వచ్చి మాట్లాడతారు, ఆ విషయంలో వాళ్లకు వంక పెట్టలేం. మొహమాటపడొద్దు.

కోటబురుజు

ఆకుకూర_అమ్మ గారూ, మీరన్నదాన్ని కాదనలేను. కానీ బుఫేలో కూడా అంతే కదండీ? తక్కువ తినేవాళ్లూ, ఎక్కువ తినేవాళ్లూ ఒకటే కడతారు.

ఆకుకూర_అమ్మ

బుఫేలో నాకు తినగలిగినవి పది రకాలు దొరుకుతాయండీ. ఇక్కడ ఒక్కటి. రెండూ ఒకటెలా అవుతాయి?

పాతకాపు

ఈ మార్పు ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడలేదు. వెనక్కి వెళ్లి చూస్తే వరస తెలుస్తుంది.

మ్యాజిక్ కింగ్‌డమ్ 1971లో తెరిచినప్పటి నుంచి పార్కులో మామూలు సందర్శకులకు మద్యం లేదు. కుటుంబాలు వచ్చే చోటు అని వాల్ట్ డిస్నీ కాలం నుంచీ ఉన్న పట్టింపు అది. నలభై ఏళ్లు దాటాక 2012లో పార్కులో న్యూ ఫాంటసీల్యాండ్ అనే కొత్త భాగం వచ్చినప్పుడు ఆ పట్టింపును మొదట సడలించింది ఈ రెస్టారెంట్ కోసమే. డిన్నర్‌లో మాత్రం బీరు, వైన్ ఇచ్చారు. ఫ్రెంచ్ భోజనానికి వైన్ లేకపోతే ఎలా అన్నది వాళ్ల వాదన. 2016 చివర్లో పార్కులో మరికొన్ని రెస్టారెంట్లకు కూడా అది పాకింది. అంటే మొదటి రోజు నుంచే డిన్నర్‌ని మిగతా పార్కు తిండికి ఒక మెట్టు పైన ఉంచాలని చూశారు. జులై 27న ఎక్కుతున్నది రెండో మెట్టు.

ఇక డిమాండ్ సంగతి. 2017లో ఈ ఒక్క పార్కుకే 2 కోట్ల మందికి పైగా వచ్చారు. ప్రపంచంలో ఇంతమంది వచ్చే థీమ్ పార్కు ఇంకోటి లేదు. ఈ రెస్టారెంట్‌లో ఉన్నవి దాదాపు 550 సీట్లు. 180 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, తెరిచిన కాసేపటికే మంచి టైములన్నీ నిండిపోతాయి. అలాంటి చోట రేటు పెంచకపోతేనే ఆశ్చర్యం. దీన్ని సమర్థిస్తున్నానని కాదు, వాళ్లు ఏం లెక్క వేసుకుని ఉంటారో చెబుతున్నాను.

నాకు బాధగా ఉన్నది వేరే. లంచ్ ఇప్పటికీ మామూలు పద్ధతిలోనే ఉంది. ఎలక్ట్రానిక్ తెర మీద ఆర్డర్ ఇస్తే చేతికి ఒక గులాబీ ఇస్తారు. నచ్చిన చోట కూర్చుని అది టేబుల్ మీద పెడితే, మనం ఎక్కడున్నామో దాన్ని బట్టే తెలుసుకుని భోజనం తెచ్చి పెడతారు. బాల్‌రూమ్, మంచు, గులాబీ అన్నీ తక్కువ డబ్బుకే చూసే దారి ఇంకా ఇలా మిగిలి ఉంది. డిన్నర్ నిలదొక్కుకుంటే లంచ్‌ని కూడా ఇలాగే మారుస్తారేమోనని నా భయం.

మెనూచదివే_మనిషి

పెద్ద రెస్టారెంట్ రేటు పెట్టినప్పుడు పెద్ద రెస్టారెంట్‌లాగే చూడాలి కదా. ఆ కొలతతో చూద్దాం.

డిస్నీ వరల్డ్‌లోనే గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ అనే రెస్టారెంట్ ఉంది. 2000 నుంచి ఏటా అమెరికా ఆటోమొబైల్ సంఘం (ట్రిపుల్ ఏ) ఇచ్చే అత్యున్నత రేటింగ్, అయిదు డైమండ్లు, నిలబెట్టుకుంటోంది. అక్కడ పదేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు. ధర దీనికి ఎన్నో రెట్లు. కానీ అక్కడ వడ్డన నెమ్మదిగా జరుగుతుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది. డబ్బు దేనికి కడుతున్నామో తెలుస్తుంది. జర్మనీలో యూరోపా పార్క్ అనే థీమ్ పార్కు వాళ్ల హోటల్ లైట్‌హౌస్‌లో అమోలైట్ అని రెస్టారెంట్ ఉంది, మంచి వంటకు గుర్తింపుగా మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్లు దానికి రెండున్నాయి. థీమ్ పార్కు వాళ్లకు మంచి వంట చేతకాదనేవాళ్లకు అదే జవాబు.

అయితే గమనించండి, ఈ రెండూ పార్కు గేటు బయట, హోటళ్లలో ఉన్నాయి. పొద్దుటినుంచి నడిచి కాళ్లు లాగుతున్నవాళ్లు, పక్కన స్ట్రోలర్‌లో నిద్రపోతున్న బిడ్డ ఉన్నవాళ్లు అక్కడికి రారు. బీ అవర్ గెస్ట్‌లో ఒక పూట వందలమందికి వండి వడ్డించాలి. అంతమందికి ఒకేసారి స్టీక్ సరిగ్గా కాల్చి పంపడం ఏ వంటగదికైనా కష్టం. మూడు కోర్సుల ఒకే రేటు పద్ధతి వల్ల వంటగదికి పని తేలికవుతుంది. ఎన్ని స్టార్టర్లు, ఎన్ని డెజర్ట్‌లు పోతాయో ముందే తెలుస్తుంది, వృథా తగ్గుతుంది. ఆ మిగులులో కొంతైనా ప్లేటులో కనిపిస్తే 55 న్యాయమే అంటాను. కనిపించకపోతే అది గదికి అద్దె.

సాయంత్రం_షికారు

గదికి అద్దె అన్నారు చూడండి, అక్కడే నేను మీతో విభేదిస్తాను. మనం పార్కుకి వెళ్లేదే ఆ గదుల కోసం. ఆ గదిలో కూర్చోడానికి డబ్బు కడితే తప్పేముంది?

మెనూచదివే_మనిషి

తప్పు లేదండీ. కానీ గదికి కడుతున్నామని చెప్పి కట్టించుకోవాలి. మూడో కోర్సు పేరు చెప్పి కాదు.

క్రెడిట్‌కార్డ్_కాదు_డైనింగ్‌ప్లాన్

డైనింగ్ ప్లాన్ వాడేవాళ్ల తరఫున నేను. ఈ ఏడాది మామూలు ప్లాన్ పెద్దవాళ్లకు రాత్రికి 75 డాలర్ల 49 సెంట్లు. రోజుకి ఒక టేబుల్ భోజనం (కూర్చుంటే వడ్డించేది), ఒక క్విక్ సర్వీస్ భోజనం (కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇచ్చేది), రెండు స్నాక్స్. నాలుగు రాత్రులుంటే నాలుగు టేబుల్ క్రెడిట్లు. బీ అవర్ గెస్ట్‌కి వెళ్తే అందులో రెండు ఒకే పూటలో అయిపోతాయి.

అదే రెండు క్రెడిట్లతో పార్కులోనే ఒక రోజు స్కిప్పర్ క్యాంటీన్‌లో, ఇంకో రోజు వేరే చోట తృప్తిగా కూర్చుని తినొచ్చు. రెండు క్రెడిట్లు పెట్టాలనుకుంటే సిండ్రెల్లా కోటలోని రాయల్ టేబుల్ ఉంది, అక్కడ రాకుమార్తెలు మన టేబుల్ దగ్గరకే వస్తారు. ఇక్కడ బీస్ట్ మన దగ్గరకు రాడు. మనమే లేచి ఆయన గదికి వెళ్లి లైన్‌లో నిలబడాలి. పిల్లల కోసమే అయితే నాకు ఆ రెండు క్రెడిట్లు సిండ్రెల్లా కోటలోనే ఎక్కువ పలుకుతాయి.

ఈ ఏడాది నుంచి ప్లాన్‌లో 21 దాటినవాళ్లకు వైన్, బీరు కూడా కలిపారు. వైన్ తాగేవాళ్లకు మాత్రం లెక్క కాస్త మారుతుంది.

రైడ్స్‌ముందు

స్కిప్పర్ క్యాంటీన్‌కి నా ఓటు. బుకింగ్ సులభంగా దొరుకుతుంది, తొందరగా బయటపడొచ్చు.

ఒకప్పటి_వెయిటర్

కొన్నేళ్లు వేరే పార్కు రెస్టారెంట్‌లో పనిచేశాను, పేరు అనవసరం. అక్కడ కూడా విడివిడి రేట్ల నుంచి ఒకే రేటుకి మార్చారు. వడ్డించేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు.

మొదటిది, బిల్లు పెద్దదైతే టిప్ కూడా పెద్దదవుతుంది, మాకు మంచిదే. రెండోది ఎవరూ అనుకోనిది. పిల్లలున్న టేబుళ్లలో మూడో కోర్సు వచ్చేసరికి సగం ప్లేట్లు ముట్టకుండా వెనక్కి వెళ్లేవి. పిల్లాడు నిద్రలోకి జారుకుంటాడు, తల్లి వాణ్ణి ఎత్తుకుని బయట తిరుగుతుంటుంది, తండ్రి ఒక్కడే గబగబా తింటుంటాడు. డబ్బు కట్టాం కాబట్టి తినాలి అన్న పట్టుదల ఆ ముఖంలో కనిపించేది. ప్లేట్లు తీసేటప్పుడు నాకు చాలా కష్టంగా ఉండేది.

అందుకే నా సలహా: వెళ్తే పొద్దుటే పార్కుకి వెళ్లకండి. మధ్యాహ్నం పిల్లల్ని హోటల్‌లో పడుకోబెట్టి, సాయంత్రం డిన్నర్ మొదలవగానే మొదటి స్లాట్ తీసుకోండి. పిల్లలు హుషారుగా ఉంటారు. తర్వాత రైడ్స్‌కీ, బాణసంచాకీ టైమ్ మిగులుతుంది.

నలుగురం

ఒకప్పటి_వెయిటర్ గారూ, చాలా థాంక్స్. మా బుకింగ్ రాత్రి 8:10కి. మీరు రాసింది చదివాక మా ఆవిడ, నేను కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ముందు స్లాట్ కోసం రోజూ వెతుకుతున్నాను.

ఇంకో సందేహం: చివరి నిమిషంలో మానుకుంటే డబ్బు పోతుందా?

లెక్కలపెట్టె

ముందు రోజులోగా రద్దు చేస్తే ఏమీ పోదు. చేయకుండా వెళ్లకపోతే మనిషికి 10 డాలర్లు కార్డు మీద పడుతుంది. చాలామంది ముందు రోజే రద్దు చేస్తారు కాబట్టి, ఆ రోజు సాయంత్రం యాప్ చూస్తూ ఉండండి. మంచి టైములు అప్పుడే బయటపడతాయి.

సాయంత్రం_షికారు | 2018 ఆగస్టు

కొత్త మెనూ మొదలయ్యాక వెళ్లొచ్చాం. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాకు బాల్‌రూమ్ దొరికింది, కిటికీకి దగ్గర్లోనే. నేను ఫ్రెంచ్ ఆనియన్ సూప్ తీసుకున్నాను. పైన చీజ్ గిన్నె అంచుల మీదుగా కరిగి గోధుమ రంగులో అట్టకట్టింది. చెంచాతో పొడిస్తే చిన్న చప్పుడుతో విరిగి, లోపలినుంచి ఆవిరి వచ్చింది. నిజంగా బాగుంది. మా వారి స్టీక్ మెత్తగా ఉంది, అడిగినట్టే కాల్చారు. డెజర్ట్‌లో పిల్లలంతా అడిగే గ్రే స్టఫ్ ఉంది. చూడటానికి బూడిద రంగు, రుచి ఓరియో బిస్కెట్లు కలిపిన క్రీమ్‌లా ఉంటుంది. మా పాప దానికోసమే మిగతాదంతా తిన్నది.

తినడానికి గంటన్నర పైనే పట్టింది. మాకు తొందర లేదు కాబట్టి హాయిగానే అనిపించింది. మధ్యలో బీస్ట్ హాల్లోంచి నడిచి వెళ్తుంటే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మా పాప కుర్చీ ఎక్కి నిలబడింది.

మళ్లీ వెళ్తామా? పాప పెద్దయ్యాక ఇంకోసారి. ప్రతి ట్రిప్పుకీ అయితే వెళ్లం. ఆకుకూర_అమ్మ గారి మాట అక్కడ కూర్చున్నాక ఇంకా బాగా అర్థమైంది. మా మరదలు శాకాహారి. ఆమె ప్లేటు చూసి, అదే 55 అని తలుచుకుంటే నాకే మనసొప్పలేదు.

ఆకుకూర_అమ్మ

రాసినందుకు థాంక్స్ అండీ. మేం లంచ్‌కి వెళ్తున్నాం. గులాబీ మా బాబు పట్టుకుంటాడట.

నలుగురం

చివరికి సాయంత్రం 4:30 స్లాట్ దొరికింది! ముందు రోజు రాత్రి యాప్ చూస్తుంటే కనిపించింది. వెళ్లొచ్చాం. పాప బీస్ట్‌తో ఫోటో దిగి, ఆయన చెయ్యి వదలకపోతే వెనకవాళ్లు నవ్వుతూ ఆగారు. బాబు మాత్రం స్టార్టర్ సగం, మెయిన్ కోర్సు సగం తిన్నాడు. వాడి 55 డాలర్లే నాకు బరువనిపించాయి. పదేళ్ల పిల్లాడికి పెద్దవాళ్ల రేటు వేసే పద్ధతి మాత్రం డిస్నీ మార్చాలి.

పాతకాపు | 2024 ఫిబ్రవరి

పాత థ్రెడ్‌ని పైకి తెస్తున్నాను, కొత్తగా ప్లాన్ చేసుకునేవాళ్లు దీన్ని చదివి పాత రేట్లే అనుకుంటున్నారని.

నేను భయపడ్డదే జరిగింది. 2020లో పార్కులు మూసి జులైలో మళ్లీ తెరిచాక, లంచ్ కూడా మూడు కోర్సుల పద్ధతిలోకి వెళ్లిపోయింది. తక్కువ ఖర్చుతో ఆ బాల్‌రూమ్‌లో కూర్చునే దారి మూసుకుపోయింది. ధర అప్పటికన్నా పెరిగింది కూడా. బుకింగ్ ఇప్పుడు 180 కాదు, 60 రోజుల ముందు తెరుస్తారు. అప్పుడే ఆగిపోయిన డైనింగ్ ప్లాన్ ఈ జనవరి 9 నుంచి మళ్లీ మొదలైంది. పైన రాసిన ప్లాన్ లెక్కలు ఇప్పుడు పనికిరావు, కొత్తవి చూసుకోండి.

కొత్తగా_చేరాను

పాతకాపు గారూ, మా పిల్లలకు ఆరు, నాలుగు. ఒకే ఒక్క మంచి భోజనం పెట్టుకోవాలనుకుంటున్నాం. ఇదా, సిండ్రెల్లా కోటా?

పాతకాపు

పిల్లలు ఎవరి కోసం కలవరిస్తున్నారో వాళ్ల దగ్గరకే వెళ్లండి. రాకుమార్తెలైతే కోట. బీస్ట్ అయితే ఇది, కానీ వీలైనంత ముందు స్లాట్ తీసుకోండి, మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టి తీసుకెళ్లండి. ఇద్దరూ పదేళ్ల లోపే కాబట్టి పిల్లల రేటే పడుతుంది. మీ ఇంట్లో శాకాహారులుంటే బుక్ చేసే ముందే మెనూ తెరిచి, వాళ్లకు పనికొచ్చే మెయిన్ కోర్సులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఒక్కటే ఉంటే నేనైతే ఇంకో చోటు వెతుకుతాను.